పాత కీబోర్డు స్విచ్‌లకు ఏ లూబ్? ముందు నీళ్లు, తర్వాతే నూనె

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: ఎర్రగడ్డ ఆదివారం సంతలో నల్ల స్విచ్‌లున్న (ప్రతి కీ కింద ఉండే నొక్కుడు బిళ్లే స్విచ్) చెర్రీ కంపెనీ జీ80-3000 కీబోర్డు దొరికింది. మీ మామయ్య డీటీపీ షాపు మూసేస్తూ ఇచ్చిన ఆపిల్ ఎక్స్‌టెండెడ్ కీబోర్డు ఇంకొకటి ఉంది. రెండూ నొక్కితే గరగరమంటున్నాయి. లూబ్‌గా, అంటే కీలు నున్నగా జారడానికి, క్రైటాక్స్ 205 అనే గ్రీజు కొనాలా, కుట్టు మిషన్ నూనెతో పని జరిగిపోతుందా, రెండింటికీ ఒకే డబ్బా చాలా?

కుట్టు మిషన్ నూనె వద్దు. చెర్రీకి క్రైటాక్స్ 205 గ్రేడ్ 0 బాగుంటుంది. ఆపిల్ కీబోర్డు దగ్గర ఆ డబ్బా మూత కూడా తియ్యకు. పని మొదలుపెట్టే తొందరలో ఉంటే ఈ మూడు మాటలు చాలు. ఎందుకో తెలుసుకోవాలంటే మాత్రం చాయ్ పెట్టుకుని కూర్చో, కొంచెం పొడుగు సంగతి.

పండగ తలంటు ఎట్లా పోస్తారు? ముందు ఒంటికి నూనె పట్టించి, నలుగు పెట్టి, ఆ తర్వాత నీళ్లు. పాత స్విచ్‌ల దగ్గర అదంతా తిరగేసి చెయ్యాలి. ముందు నీళ్లు, బాగా ఆరాక నూనె, అదీ అవసరమైతేనే. నేను చూసిన పాత కీబోర్డుల్లో గరగరకి ఎక్కువసార్లు కారణం లూబ్ లేకపోవడం కాదు, లోపల చేరిన దుమ్ము. మన ఊరి దుమ్ము సంగతి నీకు చెప్పక్కర్లేదు, పొద్దున తుడిచిన టేబుల్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. అందులోనూ డీటీపీ షాపు కీబోర్డంటే కాగితం పొట్టు, అగరుబత్తి మసి, ఆపరేటర్ తిన్న మిర్చీబజ్జీ తునకలు, అన్నీ ఇరవై ఏళ్లుగా లోపలే కాపురం ఉంటాయి. దాని మీద నూనె పోస్తే దుమ్మూ నూనే కలిసి ఇసుక కాగితం మీది పొడిలా తయారవుతుంది. మొదటి వారం మెత్తగానే ఉంటుంది, ఆ తర్వాత నొక్కిన ప్రతిసారీ స్లైడర్‌నీ (కీతో పాటు స్విచ్ లోపల దిగి ఎక్కే ముక్క) దాని గోడల్నీ అది అరగదీస్తూ పోతుంది.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. తొంభైల చివర్లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సర్వీసింగ్ చేసేవాణ్ని. చిక్కడపల్లి వైపు ఒక ప్రెస్సులో పెళ్లి కార్డులు కొట్టే ఆపరేటర్ ఉండేవాడు, టకటకమని మోగే నీలం స్విచ్‌ల కీబోర్డు అతనిది. "కీలు బిగుసుకుంటున్నాయి సార్" అంటే, నేను తెలివిగా ప్రతి కీ తీసి ఒక్కో చుక్క కుట్టు మిషన్ నూనె వేసి ఇచ్చాను. ఆ రోజు అతను సంతోషంగా టిఫిన్ పెట్టించాడు. పది రోజుల్లో సగం కీల చప్పుడు ఆగిపోయింది. మే నెల వచ్చేసరికి 'అ' నొక్కితే పైకి రాదు, 'క' నొక్కితే రెండు పడుతున్నాయి. సీజన్ మధ్యలో కీబోర్డు పోతే ప్రెస్సు వాళ్లకి ఎంత టెన్షనో ఊహించుకో. కొత్త కీబోర్డు నా జేబులోంచే కొనిచ్చాను.

అసలు ఏమైందంటే, కుట్టు మిషన్ నూనె పల్చటి మినరల్ ఆయిల్. పల్చటి నూనె పెట్టిన చోట ఉండదు, సందుల్లోంచి పాకుతూ పోతుంది, పాకి పాకి కాంటాక్టుల మీదికి, అంటే కరెంటు కలిసే చోటికి, చేరుతుంది. గాలి తగిలి మెల్లగా చిక్కబడి జిగురవుతుంది. పైగా కొన్ని ప్లాస్టిక్‌లకు, ముఖ్యంగా ఏబీఎస్‌కీ పాలీకార్బొనేట్‌కీ, బిగువులో ఉన్న చోట మినరల్ ఆయిల్ తగిలితే సన్నటి పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది. కుట్టు మిషన్ ఇనుముది, దానికి రోజూ నూనె వేసి తుడిచే మనిషి ఉంటాడు. నీ కీబోర్డుకి ఎవరున్నారు?

సరే, ఇప్పుడు చెర్రీ సంగతి.

కీక్యాప్ ఒకటి లాగి చూడు. కూడిక గుర్తులాంటి కాడ కనిపిస్తే అది ఎమ్మెక్స్ స్విచ్. ఎమ్మెక్స్‌లు 1980ల మొదట్లో వచ్చాయి. నీ దాంట్లో ఉన్న బ్లాక్ లీనియర్ రకం, అంటే మధ్యలో గుబ్బ తగలదు, చప్పుడు ఉండదు, పైనుంచి కిందికి ఒకే తీరుగా దిగుతుంది. మొత్తం ప్రయాణం 4 మిల్లీమీటర్లు, సగంలో అక్షరం పడుతుంది. పాత బ్లాక్‌ల కోసం జనం ఎగబడేది అవి ఏళ్ల తరబడి వాడకంలో నున్నబడి ఉంటాయనే. స్లైడర్ చేసిన ప్లాస్టిక్ పోమ్, దానికదే జారుడు గుణం ఉన్నది, వేళ్ల కింద లక్షలసార్లు దిగి ఎక్కి పాలిష్ పట్టినట్టు అవుతుంది.

ఇక్కడొక చిన్న పరీక్ష ఉంది, డబ్బు ఖర్చు పెట్టే ముందు చెయ్యి. ఇంగ్లీషు 'ఇ', 'ఎ', స్పేస్‌బార్ లాంటి బాగా వాడిన కీల క్యాప్‌లు తీసి కాడని వేలితో మెల్లగా నొక్కు. ఆ తర్వాత స్క్రోల్ లాక్, పాజ్ లాంటి ఎవరూ ముట్టని కీలు నొక్కు. వాడినవి మెత్తగా ఉండి వాడనివి గీసుకున్నట్టుంటే అది మామూలు అరుగుదల తేడా, లూబ్‌తో దారికొస్తుంది. రెండూ ఇసుక నమిలినట్టుంటే అది మురికి. సంత సరుకు కాబట్టి నీది రెండో కేసే అయ్యుంటుందని నా అనుమానం.

నీ అదృష్టం ఏంటంటే, జీ80-3000లో మామూలుగా స్విచ్‌ల కింద ఇనుప ప్లేటు ఉండదు, స్విచ్‌లు నేరుగా సర్క్యూట్ బోర్డు మీదే కూర్చుంటాయి. ప్లేటు ఉంటే స్విచ్ మూత గొళ్లేలు దాంట్లో బిగుసుకుని, టంకం ఊడదీస్తే తప్ప మూత తెరుచుకోదు. నీకు ఆ బాధ లేదు. స్విచ్ ఓపెనర్‌తో గానీ రెండు సన్న స్క్రూడ్రైవర్లతో గానీ పక్కలనున్న నాలుగు గొళ్లేలు మెల్లగా విప్పితే మూత, స్లైడర్, స్ప్రింగ్ చేతికొస్తాయి. వంద పైచిలుకు స్విచ్‌లు. ఒక్క పూటలో అయిపోవాలని కూర్చోకు, రెండు ఆదివారాలు పెట్టుకో.

మూతలూ స్లైడర్లూ గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి నానబెట్టు, మెత్తటి బ్రష్‌తో రుద్ది మంచినీళ్లలో రెండుసార్లు జాడించు. కళ్లద్దాల షాపుల్లో అద్దాలు కడిగే అల్ట్రాసోనిక్ డబ్బా చూసే ఉంటావు, పరిచయం ఉన్న షాపువాడైతే పది నిమిషాలు పెట్టనిస్తాడు, మూలల్లో మురికి వదలడానికి దాన్ని మించింది లేదు. స్ప్రింగులు మాత్రం నీళ్లలో ఉంచకు, తుప్పు పడతాయి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒకసారి కడిగి గుడ్డ మీద పరిచెయ్. కింది భాగం బోర్డుకే అతుక్కుని ఉంటుంది కాబట్టి దాన్ని పొడి బ్రష్‌తో, రబ్బరు బ్లోయర్‌తో, ఆ తర్వాత ఆల్కహాల్ తడిపిన బ్రష్‌తో శుభ్రం చెయ్యి. అక్కడున్న సన్నటి రాగి రంగు రేకు వంగిందా, ఆ స్విచ్ పోయినట్టే, చెయ్యి నెమ్మది. ఆల్కహాల్ కోఠీ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో సీసాల్లో దొరుకుతుంది. ఇంట్లో ఉంది కదా అని శానిటైజర్ మాత్రం వాడొద్దు, చాలావాటిలో చేతులు ఎండిపోకుండా గ్లిజరిన్ కలుపుతారు, అది లోపలే ఉండిపోతుంది. ఆరబెట్టేది ఫ్యాన్ కింద, నీడలో. కీక్యాప్‌లూ కీబోర్డు పై డొప్పా కూడా ఎండలో పడెయ్యకు, పాత ప్లాస్టిక్ పచ్చబడిపోతుంది.

ఇవన్నీ చేసి రెండు స్విచ్‌లు ఏ లూబూ లేకుండా బిగించి నొక్కి చూడు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఆగడంలో తప్పేం లేదు. పాత బ్లాక్‌లను పొడిగా ఉంచి స్ప్రింగులకు మాత్రమే నూనె వేసే పాతకాపులు ఉన్నారు. నాకైతే పల్చటి పొర ఒకటి ఉంటేనే ఇష్టం, చప్పుడు కొంచెం గంభీరంగా వస్తుంది.

ఇప్పుడు డబ్బా సంగతి. గ్రీజు అంటే నూనెలో దాన్ని పట్టి ఉంచే పదార్థం కలిపి చిక్కబరిచినది, స్పాంజిలో నీళ్లున్నట్టు. క్రైటాక్స్ జీపీఎల్ 205లో ఉన్న నూనె జీపీఎల్ 105, దాన్ని పట్టి ఉంచేది పీటీఎఫ్ఈ, మన భాషలో నాన్‌స్టిక్ పెనం మీది టెఫ్లాన్. ఆ నూనె పీఎఫ్‌పీఈ రకం, కార్బన్‌కి ఫ్లోరిన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి దేనితోనూ గొడవకి పోదు. ప్లాస్టిక్‌ని తినదు, గాలికి జిగురవదు, ఎండాకాలం 43 డిగ్రీల్లోనూ కారిపోదు. ఖరీదు కూడా అందుకే. మొదట ఇది డ్యూపాంట్ సరుకు, 2015లో ఆ కంపెనీ నుంచి విడిపోయిన కెమోర్స్ ఇప్పుడు తయారుచేస్తోంది.

కొనేటప్పుడు రెండు చోట్ల జనం దెబ్బతింటారు. ఒకటి, గ్రేడు. రాణీగంజ్‌లో బేరింగుల షాపుకి పోయి 205 అని అడిగితే నీ చేతికి మామూలుగా వచ్చేది గ్రేడ్ 2. అది ఫ్యాక్టరీ బేరింగులకు మంచిది, స్విచ్‌కి మరీ చిక్కన. గ్రీజు గ్రేడుని ఎట్లా కొలుస్తారంటే, 25 డిగ్రీల దగ్గర ఒక కొలత ప్రకారం చేసిన శంకువుని దాంట్లోకి వదిలి ఎంత లోతు దిగిందో చూస్తారు. గ్రేడ్ 0లో 355 నుంచి 385 దాకా దిగుతుంది, గ్రేడ్ 2లో 265 నుంచి 295 దాకానే, లెక్క మిల్లీమీటరులో పదో వంతుల్లో. గ్రేడ్ 2 చలికాలం నెయ్యిలా నిలబడుతుంది, గ్రేడ్ 0 చిలికిన మీగడలా పరుచుకుంటుంది. డబ్బా మీద సున్నా ఉందో లేదో చూసి కొను.

రెండోది, తూకం. ఒకడు 5 గ్రాములని అమ్ముతాడు, ఇంకొకడు 5 మిల్లీలీటర్లని. ఈ గ్రీజు బరువైనది, నీళ్లకంటే దాదాపు 1.9 రెట్లు. అంటే 5 గ్రాములు రెండున్నర మిల్లీలీటర్ల పైచిలుకే వస్తుంది. ఇద్దరి ధరా ఒకటే అయితే మిల్లీలీటర్ల వాడి దగ్గర దాదాపు రెట్టింపు సరుకు. ఒక కీబోర్డుకి 5 గ్రాములు ధారాళంగా సరిపోతాయి, ఇంకా మిగులుతాయి.

ఈ బరువే నకిలీని పట్టిస్తుంది. చిన్న డబ్బాల్లో నింపి అమ్మేవాళ్లలో మామూలు తెల్ల గ్రీజు పోసి అమ్మేవాళ్లూ ఉంటారు. ఆవగింజంత గ్రీజు తీసుకుని గాజు గ్లాసు నీళ్లలో పుల్లతో లోపలికి ముంచి వదులు. అసలుదైతే రాయిలా అడుగుకి పోతుంది, మామూలు నూనె గ్రీజు పైకి తేలుతుంది. సిలికాన్ గ్రీజు బరువు నీళ్లకు దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి ఒక్కోసారి అదీ మోసం చేస్తుంది, అందుకని ఇంకో చిటికెడు కిరోసిన్‌లో వేసి కలుపు. పీఎఫ్‌పీఈ కిరోసిన్‌లో కరగదు, అట్లాగే ముద్దగా ఉంటుంది. మినరల్ గ్రీజులోని నూనె గానీ సిలికాన్ గ్రీజులోని నూనె గానీ కాసేపట్లో కలిసిపోతుంది. పొయ్యి దగ్గర కూర్చుని చెయ్యకు ఈ పరీక్ష.

అదే గుణం నీ మెడకీ చుట్టుకుంటుంది, గుర్తుంచుకో. కిరోసిన్‌కే కరగనిది ఆల్కహాల్‌కేం కరుగుతుంది? ఎక్కువ పూసేశాక కడిగేద్దామంటే కుదరదు, సబ్బు నీళ్లతో ఒక్కో ముక్కా తోమి తుడవాలి. కాబట్టి ముందే తక్కువ పెట్టు. బొమ్మలేసే బ్రష్, సున్నా నంబరు గానీ డబుల్ సున్నా గానీ. డబ్బాలో నూనె పైకి తేలి ఉంటుంది, పుల్లతో ఒకసారి కలుపు. బ్రష్ కొన మాత్రమే ముంచి, అంచుకి రెండు వైపులా తుడిచి, మిగిలిన దాంతో పూయి. ఎంత అంటే, కంటికి కాటుక గీసినంత. తడి మెరుపు కనిపించాలి, తెల్లగా కనిపించిందంటే ఎక్కువైనట్టు.

ఎక్కడ పూయాలంటే, స్లైడర్ పక్కల మీద గోడలకు రాసుకునే పట్టాలకి, కింది భాగంలో ఆ పట్టాలు దిగే గాడులకి, మధ్యలో స్లైడర్ కాడ దిగే గుంట నోటికి ఒక తిప్పు. స్లైడర్ ముందువైపు రెండు కాళ్లున్నాయి చూడు, అవే రేకుని నెట్టేవి. లీనియర్‌లో వాటికి బ్రష్‌లో మిగిలిన తడి తగిలించినా ఫర్వాలేదు కానీ నేనైతే వాటిని ముట్టను. రేకు మీద, రేకు తగిలే బంగారు చుక్క మీద ఒక్క నలుసు కూడా పడకూడదు. పడితే కీ ఒకసారి పలకదు, ఇంకోసారి రెండక్షరాలు పడతాయి, నా ప్రెస్సు కథ మళ్లీ మొదలు.

ఎమ్మెక్స్ బ్లాక్ 205ని తట్టుకోగలదని ధైర్యంగా చెప్పడానికి కారణం దాని స్ప్రింగ్. అక్షరం పడటానికి కావాల్సిన బలం 60 సెంటీన్యూటన్లు, ఎమ్మెక్స్‌లోనే రెడ్ అనే ఇంకో రకానికి అది 45. గట్టి స్ప్రింగ్ చిక్కటి గ్రీజుని దాటి కీని పైకి తోస్తుంది. పల్చటి స్ప్రింగుల మీద ఇదే గ్రీజు దట్టంగా పూస్తే కీ నిద్రమత్తులో లేచినట్టు లేస్తుంది.

స్ప్రింగులకి బ్రష్ పట్టుకుని కూర్చోకు. జీపీఎల్ 105 నూనె చిన్న సీసా తెచ్చుకో, 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం సుమారు 160 సెంటీస్టోక్సు, పల్చగానే ఉంటుంది కానీ కారిపోదు. స్ప్రింగులన్నీ జిప్ కవర్లో వేసి, వందకి ఓ పది పన్నెండు చుక్కలు వేసి, కవర్ గాలితో ఉబ్బించి మూసి రెండు నిమిషాలు ఊపు. మా పిల్లలకి ఈ పని అప్పజెప్తే మరమరాలు కలిపినంత సరదాగా చేస్తారు. చిక్కుపడిన స్ప్రింగులు లాగి విడదీయకు, తిప్పి విడదియ్.

ముందు మూడే మూడు స్విచ్‌లు చేసి వారం రోజులు టైపు చెయ్యి. నచ్చితే మిగతావి.

మిగతా డబ్బాల గురించి కూడా అడుగుతావని తెలుసు. సూపర్ లూబ్ అనే పీటీఎఫ్ఈ కలిపిన సింథటిక్ గ్రీజు చౌక, ప్లాస్టిక్‌కి హాని చెయ్యదు, కానీ గ్రేడ్ 2 రకం స్విచ్‌లో బరువుగా ఉంటుంది. స్పేస్‌బార్, ఎంటర్, షిఫ్ట్ కింద తీగలుంటాయి కదా, స్టెబిలైజర్లు, వాటి గలగల ఆపడానికి మాత్రం అది బంగారం. తీగ చివరల్లో ధారాళంగానే పెట్టు, అక్కడ కాటుక లెక్కలేం లేవు. డబ్ల్యూడీ-40 మామూలు డబ్బా అసలు లూబ్‌గా పనికిరాదు, దాంట్లో ఎక్కువ భాగం ఎగిరిపోయే సాల్వెంట్, మిగిలేది పల్చటి నూనె. సిలికాన్ స్ప్రే కూడా అంతే, ఎక్కడ కొట్టినా పొర పాకి కాంటాక్టుల దాకా పోతుంది. వాజెలిన్ ఎండాకాలం కరిగి జారి దుమ్ము పోగేస్తుంది. కొబ్బరి నూనె పెట్టొచ్చా అని నన్ను నిజంగానే ఒకాయన అడిగాడు. డిసెంబర్ పొద్దున బాత్రూంలో సీసా గడ్డకట్టి ఉంటుంది కదా సార్, మీ కీబోర్డూ అట్లాగే ఉంటుంది అన్నాను.

పెన్సిల్ పొడి మాట ఎత్తకు. జిప్పు బిగుసుకుంటే గ్రాఫైట్ రుద్దడం మంచి చిట్కానే, కానీ గ్రాఫైట్ కరెంటుని మోస్తుంది, కాంటాక్టుల పక్కన రాల్చావంటే ముట్టని కీ కూడా పలుకుతుంది. క్యారమ్ బోర్డు పౌడర్ వాడినవాళ్లనీ చూశాను. అది సామాన్యంగా బోరిక్ యాసిడ్ పొడి, చెక్క మీద కాయిన్ జారడానికి బాగుంటుంది, స్విచ్‌లో పోస్తే నువ్వు కడిగి తీసిన దుమ్ముని కొనుక్కొచ్చి మళ్లీ నింపినట్టు.

ఆపిల్ ఎక్స్‌టెండెడ్ కీబోర్డు వేరే లోకం. 1987లో వచ్చింది, అందులోవి జపాన్ ఆల్ప్స్ కంపెనీ స్విచ్‌లు. కీక్యాప్ తీస్తే కూడిక గుర్తు కాకుండా చిన్న దీర్ఘచతురస్రం గుంట కనిపిస్తుంది. స్లైడర్ నారింజ రంగుదో, దానికి దగ్గరి గులాబీ ఛాయదో అయ్యుంటుంది, రెండూ ట్యాక్టైల్ రకమే, అంటే నొక్కితే మధ్యలో గుబ్బ తగిలేవి. లేత మీగడ రంగు అయితే అది తర్వాతి ఎక్స్‌టెండెడ్ 2లో వాడిన చప్పుడు తగ్గించిన రకం, దాని స్లైడర్‌కి రబ్బరు మెత్తలుంటాయి.

ఆల్ప్స్ అందమంతా పొడిలోనే ఉంది. ఫ్యాక్టరీలోనే స్లైడర్ మీద పొడి లూబ్ పూత వేసేవాళ్లు. దుమ్ము పడనంతకాలం వెన్నలా ఉంటుంది, పడిందా, ఎమ్మెక్స్ కంటే త్వరగా పాడవుతుంది, ఎందుకంటే పైన నోరు పెద్దది, లోపల సందులు బిగువు. అందుకే ఇక్కడ పరీక్ష ఎమ్మెక్స్‌కి సరిగ్గా ఉల్టా వస్తుంది: ఆల్ప్స్‌లో ఎవరూ ముట్టని కీలు మెత్తగా ఉండి, బాగా వాడిన కీలే గరుకుగా ఉంటాయి. అట్లాంటి చోట తడి గ్రీజు పూస్తే ఆ పెద్ద నోట్లోంచి పడే ప్రతి నలుసునీ అది పట్టుకుంటుంది. ఇంకో ఇబ్బంది ఏంటంటే, వేలికి తగిలే ఆ గుబ్బ పుట్టించేది లోపలున్న చిన్న ఉక్కు రేకు, స్లైడర్ దాన్ని దాటి జారినప్పుడు వచ్చే చిన్న కుదుపే ఆ సుఖం. అక్కడ చిక్కటి గ్రీజు పడితే కుదుపు మొద్దుబారిపోయి, అన్నంలో వేలు పెట్టినట్టుంటుంది. 205 మూత తియ్యొద్దన్నది అందుకే.

మంచి విషయం, ఆల్ప్స్ మూత ప్లేటు మీద ఉండగానే తెరుచుకుంటుంది, టంకం ముట్టక్కర్లేదు. వంచిన రెండు పేపర్ క్లిప్పులు పక్కల గొళ్లేల్లోకి దింపి పైకి లాగితే వస్తుంది. స్ప్రింగు ఎగురుతుంది, చేతి మీద పాత రుమాలు కప్పుకుని తియ్యి. రేకు ఏ వైపు తిరిగి ఉందో మొదటి స్విచ్‌కే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో, నేను ఒకసారి ఇరవై రేకులు ఉల్టా పెట్టి రాత్రి రెండింటి దాకా పరేషాన్ అయ్యాను. మూత, స్లైడర్ సబ్బు నీళ్లలో కడుగు, గట్టిగా రుద్దకు, ఆ ఫ్యాక్టరీ పూత ఎంత మిగిలితే అంత మేలు. కాంటాక్టు ఉన్న చిన్న పలక బోర్డు మీదే ఉంటుంది, దాని మీద నీళ్లు పోయకు.

ఆరాక కూడా గరుకు పోకపోతే పొడి పీటీఎఫ్ఈ స్ప్రే ఒకటుంటుంది, సాల్వెంట్ ఎగిరిపోయి సన్నటి తెల్ల పొర మిగిలే రకం. బయట కాగితం మీద స్లైడర్లు పరిచి, పక్కలకు మాత్రమే దూరం నుంచి ఒక్కసారి కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, చేతికి రాలే పొడి తుడిచేసి బిగించు. బిగించిన స్విచ్ లోపలికి గొట్టం పెట్టి కొట్టావో, కాంటాక్టులకీ పూత పడుతుంది. స్ప్రింగ్ కిర్రుమంటే స్ప్రింగుకి మాత్రం 105 నూనె సగం చుక్క. ఇంతకు మించి ఆల్ప్స్‌కి నేనేం చెయ్యను. ఇరవై ఏళ్లు దుమ్ములో వాడి స్లైడర్ అరిగిపోయి ఉంటే ఏ లూబూ దాన్ని కొత్తది చెయ్యలేదు, నమ్ లాక్ వైపు వాడని కీల స్లైడర్లు తెచ్చి 'ఎ', 'ఎస్'ల్లో వెయ్యడమే దారి. ఆ మార్పిడికి డబ్బులేం అక్కర్లేదు కూడా.

ఒక కీ రెండుసార్లు పడుతున్నా, అసలు పడకపోయినా అది లూబ్ జబ్బు కాదు, కాంటాక్టు జబ్బు. కీబోర్డు వైరు ఊడదీసి, కాంటాక్టు క్లీనర్ ఒక చుక్క వేసి వందసార్లు నొక్కి ఆరనివ్వు. ఆపిల్ దాని వైరు ఏడీబీ అనే పాత ఆపిల్ రకం, కంప్యూటర్ ఆన్‌లో ఉండగా పీకడం, పెట్టడం చెయ్యకు, దానికి పడదు.

పక్క ప్రశ్నలు కొన్ని. టీవీఎస్ గోల్డ్ కూడా ఉందన్నావు, నీలం స్విచ్‌లది. దాని స్లైడర్ రెండు ముక్కలు, తెల్ల ముక్క కిందికి దూకి తగిలితేనే ఆ టక్ వస్తుంది, దాని దగ్గర తడి చేరితే మూగబోతుంది. స్ప్రింగ్ తప్ప ఏదీ ముట్టకు. ఐబీఎం మోడల్ ఎం దొరికితే దాంట్లో లూబ్ పనేం లేదు, స్ప్రింగ్ వంగి కొట్టడమే దాని యంత్రాంగం, దుమ్ము తీస్తే చాలు. కీల కింద రబ్బరు గిన్నెలుండే టోప్రే కీబోర్డులకు స్లైడర్ గోడలకి 205 పూయొచ్చు, రబ్బరు గిన్నెలకి వద్దు.

పని చేసేటప్పుడు సిగరెట్ అలవాటుంటే పక్కన పెట్టు. వేళ్లకున్న పీటీఎఫ్ఈ గ్రీజు సిగరెట్‌కి అంటి కాలితే ఆ పొగకి జ్వరం, దగ్గు వస్తాయి, ఫ్యాక్టరీల్లో దానికి పాలిమర్ ఫ్యూమ్ జ్వరం అని పేరే ఉంది. సబ్బుతో చేతులు కడుక్కుని బాల్కనీలోకి పో.

ఈ ఆదివారం చెర్రీలో పాజ్ కీ, 'ఎ' కీ రెండూ విప్పి, కడిగి, లూబ్ లేకుండా బిగించి ఎట్లా ఉందో చెప్పు. ఆపిల్ కీబోర్డులో స్లైడర్ ఏ రంగో పగటి వెలుతురులో ఫొటో తీసి పెట్టు, ట్యూబ్‌లైట్ కింద నారింజకీ గులాబీకీ తేడా తెలియదు.